రత్నమ్మ గారిని నిద్రపుచ్చిన వాక్యం

నా చేతుల్లో ఒక మనిషి ప్రాణం పోయింది. కత్తి వాడలేదు, విషం పెట్టలేదు, ఒక్క క్రియాపదంతో పని ముగించాను. అంతటితో ఊరుకున్నానా? కింద "దేవునికి స్తోత్రం" అని రాశాను. పక్కన ఆవిడ ఫోటో పెట్టి చుట్టూ గులాబీలు అంటించాను. ఆ తర్వాత వెళ్లి తీరిగ్గా తలంటు పోసుకున్నాను.

కంగారు పడకండి. ఈ కేసులో పోలీసులు రాలేదు. చనిపోయినావిడే నన్ను నిలబెట్టి విచారించింది, శిక్ష కూడా ఆవిడే వేసింది. ఆ శిక్ష ఇప్పటికీ అనుభవిస్తున్నాను. జరిగిందంతా చెబుతాను, నవ్వండి. మీలో ఎవరైనా వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలు రాసే బాధ్యతలో ఉంటే మాత్రం కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని నవ్వండి.

అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. ఇరవై రెండేళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. ఊళ్ల నుంచి విలేకరులు రాసి పంపినదాన్ని చదివి, సగం కోసేసి, మిగిలిన సగానికి శీర్షిక పెట్టడం మా పని. సాయంత్రం మొదలై తెల్లవారుజామున ముగిసేది. లోకం లేచే వేళకు నేను పడుకునేవాణ్ని. పెళ్లిచూపులేమో పగటిపూట పెడతారు. మొదటి రెండింటికి ఆవులిస్తూ వెళ్లాను, మూడోదానికి మెలకువ రాలేదు, నాలుగోది ఎవరూ పెట్టలేదు. తర్వాత మా ఎడిషన్ మూతపడింది. వీడ్కోలు రోజున నాకొక గోడ గడియారం ఇచ్చారు. ఇరవై రెండేళ్లు గడువుల మధ్య బతికినవాడికి, ఇక టైముతో పని లేదన్న రోజున గడియారం ఇచ్చారన్నమాట.

నా గది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక మేడ రెండో అంతస్తులో ఉంది. మొదటి అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగ్, మూడో అంతస్తులో ఒక చిన్న చర్చి. కింద ఉద్యోగం కోసం ఆశపడేవాళ్లు, పైన పరలోకం కోసం ఆశపడేవాళ్లు, మధ్యలో దేనికీ దరఖాస్తు పెట్టని నేను.

గురువారం మధ్యాహ్నం కర్రీ పాయింటులో "పప్పు ఒకటి" అన్నాక, మళ్లీ సోమవారం దాకా నా నోటి నుంచి మాట రాని వారాలుండేవి. ఒక్కోసారి గొంతు పనిచేస్తోందో లేదో అని, సభకు ముందు మైకు పరీక్షించినట్టు గదిలో "హలో, హలో" అని చూసుకునేవాణ్ని. ఫోన్ మోగితే గ్యాస్ బుకింగ్ అమ్మాయి. అదీ రికార్డు చేసిన గొంతే. ఒకసారి ఉండబట్టలేక ఆ గొంతునే "బాగున్నారా అండీ?" అని అడిగాను. రెండు నొక్కమంది.

ఒక ఆదివారం ఉదయం నా తల మీద భూకంపం వచ్చింది. పై అంతస్తులో కుర్చీలు ఈడుస్తున్నారు. ఫిర్యాదు చేద్దామని బయల్దేరాను. మెట్లెక్కుతూ సంపాదకీయం లాంటి వాక్యం ఒకటి సిద్ధం చేసుకున్నాను. తలుపు దగ్గర నలభై ఏళ్ల ఆవిడ ఎదురైంది. కొత్తపేటలో జాకెట్లు కుట్టే దుకాణం ఆమెది, పేరు సుజాత. సంఘంలో ఆమె పదవి ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అందరికీ పనులు చెప్పడం మాత్రం ఆమె పని.

"ఒచ్చిండ్రా బ్రదర్! ఎంతసేపాయె సూస్తున్నం. గీ కుర్చీలు జర అటు దిక్కు ఎయ్యుండ్రి."

"అది కాదండీ, నేను కింద..."

"కిందెందుకు బ్రదర్? కుర్చీలు ఈడనే ఎయ్యాలె."

నా సంపాదకీయం నోట్లోనే ఉండిపోయింది. అరవై ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశాను. అలసిపోయి ఆఖరి వరసలో గోడ పక్కన కూలబడ్డాను. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి చేయి కలిపి "వందనాలు బ్రదర్" అన్నారు. ఉప్మా ప్లేటు చేతిలో పెట్టారు. గదికి వచ్చి మంచం మీద కూర్చుని లెక్కపెట్టుకున్నాను. పదకొండు మంది. ఒకే రోజు పదకొండు మంది నన్ను పలకరించారు! మరుసటి ఆదివారం అరగంట ముందే వెళ్లి కూర్చున్నాను, నా కుర్చీలు ఇంకెవరైనా వేసేస్తారేమోనని.

నేను మతం మారడానికి వెళ్లలేదు, నన్ను ఎవరూ మారమనలేదు. కుర్చీలు వేయడానికి వెళ్లాను. దాన్ని అక్కడ 'పరిచర్య' అంటారని తర్వాత తెలిసింది. అలాంటి మాటలు ఇంకా చాలా ఉన్నాయనీ, అవన్నీ నా మీద పగబట్టి ఉన్నాయనీ మరి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఒక నెల గడిచాక పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన్ని అందరూ అయ్యగారు అంటారు. నల్గొండ వైపు మనిషి. వేదిక మీద "కాబట్టి సహోదరులారా" అని మొదలుపెట్టే ఆయన, దిగగానే "ఏం బ్రదర్, తిన్నరా?" అంటారు.

"కుర్చీలు ఎవలన్న ఏస్తరు మూర్తి బ్రదర్. అసలు మీ తలాంతు ఏంది?"

"శనివారం శనివారం పోసుకుంటానండీ" అన్నాను.

"ఏంది పోసుకునేది?"

"తలంటు. నువ్వుల నూనెతో."

పక్కనున్న సుజాత నేను వేసిన కుర్చీల్లో ఒకదాని మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తలాంతు అంటే దేవుడు మనిషికి ఇచ్చిన నేర్పు అని అయ్యగారు ఓపికగా చెప్పారు.

"అలాంటివి నా దగ్గరేం లేవండీ. ఇరవై రెండేళ్లుగా వాక్యాన్ని కోయడం తప్ప ఇంకేం చేయలేదు."

అయ్యగారి ముఖం మారిపోయింది. "వాక్యాన్ని కోసుడేంది బ్రదర్!"

చర్చిలో వాక్యమంటే బైబిలు వాక్యమని నాకేం తెలుసు? పత్రికలో చేసిన పని వివరించి చెప్పాను. ఆయన తేలికపడ్డారు. అప్పటికప్పుడు నాకో బాధ్యత అప్పగించారు. హాలు గుమ్మం దగ్గర ఒక రేకు డబ్బా ఉంటుంది. ఎవరి కష్టం వారు చీటీ మీద రాసి అందులో వేస్తారు. శనివారం ఆ చీటీలన్నీ ప్రార్థనాంశాలుగా సంఘం గ్రూపులో పెట్టాలి. అప్పటిదాకా అయ్యగారు ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టేవారు. దాన్ని చివరిదాకా విన్నది ఆయన ఒక్కరే.

నాకు మళ్లీ గడువు వచ్చింది, మళ్లీ పేజీ వచ్చింది. గోడ గడియారంలో సెల్ వేశాను.

ఉత్సాహం ఎంతలా పొంగిందంటే, చర్చి తెలుగు నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆదివారం ప్రసంగాలు విని, పాటలు విని, నాలుగు వారాల్లో ఒక సూత్రం కనిపెట్టాను. వాళ్ల మాటల్లో "ప్రభువునందు" అన్నది తరచుగా వస్తుంది. ప్రభువునందు ప్రియమైన, ప్రభువునందు ఆనందించుడి, ప్రభువునందు వందనములు. అంటే మామూలు తెలుగు ముందు ఈ మాట తగిలిస్తే చర్చి తెలుగు అయిపోతుంది! ఇడ్లీ పిండికి ఉప్పు లాగా అన్నిటికీ చిటికెడు. ఈ సూత్రాన్ని ఎవరితోనూ చెప్పలేదు, తర్వాత పుస్తకంగా వేద్దామని.

మొదట్లో చిన్న చిన్న దెబ్బలు తగిలాయి. "మా ఇంటాయన తాగుడు మానాలె" అని ఒకావిడ చీటీ వేస్తే, మర్యాద కోసం "ఒక సహోదరుని మద్యపాన విముక్తి కొరకు" అని రాశాను. ఆమె ఆదివారం వచ్చి నన్ను నిలదీసింది. "ఒక సహోదరుడంటే దేవునికెట్ల తెలుస్తది బ్రదర్? పేరు పెట్టు. గల్లీ అంతా తెల్సిందేనాయె!" అయినా నాకు చదువరులున్నారన్న ఆనందం ముందు అవేవీ లెక్కలోకి రాలేదు. చదివి తిట్టేవాళ్లు కూడా చదువరులే.

ఇక రత్నమ్మ గారు. ఆఖరి వరసలో గోడ పక్కన నా పక్క కుర్చీ ఆవిడది. డెబ్బై దాటిన మనిషి, ఎల్బీ నగర్‌లో ఒక సందులో ఒంటరిగా ఉంటారు. దవాఖానాలో నర్సుగా ముప్పై ఏళ్లు చేశారు, అందులో ఎక్కువ నైట్ డ్యూటీలే. ఆ ఒక్క మాటతో మాకు చుట్టరికం కలిసింది. రాత్రిపూట పనిచేసినవాళ్లకు ఒకరినొకరు చూడగానే తెలుస్తుంది, కళ్ల కింద ఉద్యోగ ధ్రువపత్రం ఉంటుంది.

"బిడ్డా, నాకు నిద్ర పడ్తలేదు" అన్నారు ఒక ఆదివారం. "మా ఆయన పోయి రెండేండ్లాయె. ఆయన గురక పెట్టేటోడు. నలభై ఏండ్లు తిట్టుకుంట ఇన్న. ఇప్పుడు గా సప్పుడు లేక ఇల్లంతా గుయ్యిమంటది."

"నిద్ర రాకపోతే ఏం చేస్తారండీ?"

"బియ్యంల రాళ్లు ఏరుత. ఇప్పటి బియ్యంల రాళ్లు కూడ ఉంటలేవు."

చీటీ ఆవిడే రాశారు. దాన్ని కోయకుండా, "సహోదరి రత్నమ్మ గారికి మంచి నిద్ర కోసం ప్రార్థించండి" అని పెట్టాను. ఏ గొడవా జరగలేదు. చూశారా, బుద్ధిగా కూడా రాయగలను.

తర్వాతి శుక్రవారం పొద్దున నా ఫోన్ మోగింది. గ్యాస్ అమ్మాయి కాదు.

"బిడ్డా! పన్న!" రత్నమ్మ గారి గొంతు. "నిన్న ఎనిమిదింటికి పన్న, మల్ల పొద్దుగాల పాలాయన తలుపు కొడ్తె లేసిన! దేవుడు ఇన్నడు. గ్రూపుల రాయి. అందరికి తెల్వాలె."

"తప్పకుండా రాస్తానండీ. పెద్దగా వేస్తాను."

నా కోసం ఎవరైనా అంత సంతోషంగా ఫోన్ చేసి ఎన్నేళ్లయిందో! మొదటి పేజీ వార్త అంటే ఇదే అనుకున్నాను.

శనివారం ఉదయం కూర్చున్నాను. "నిద్రపోయారు" అని రాశాను. పెద్దావిడకి గౌరవం తగ్గినట్టనిపించింది. కొట్టేసి "నిద్రించారు" అన్నాను. గంభీరంగా ఉంది, కానీ పొడిగా ఉంది. అప్పుడు నా సూత్రం గుర్తొచ్చింది. చిటికెడు ఉప్పు వేశాను.

"కృతజ్ఞతాంశం: సహోదరి రత్నమ్మ గారు గురువారం రాత్రి ప్రభువునందు ప్రశాంతముగా నిద్రించారు. మన ప్రార్థనలు ఫలించినవి. దేవునికి స్తోత్రం."

తెలిసినవాళ్లు ఈపాటికి నెత్తిన చేయి పెట్టుకుని ఉంటారు. తెలియనివాళ్లు నాతోపాటు కొత్తపేట దాకా రండి, అక్కడ తెలుస్తుంది. పత్రికలో ఇరవై రెండేళ్లు చేసినవాడికి ఈ మాట తెలియదా అంటే, అలాంటి మాటలన్నీ పత్రికలో ప్రకటనల విభాగం వాళ్లు వేసుకునే పేజీలో ఉండేవి. డెస్కులో ఉన్నవాళ్లం ఆ పేజీ వైపు చూడటం చిన్నతనంగా భావించేవాళ్లం. ఆ పొగరు ఈ రూపంలో తీరింది.

వార్తకు బొమ్మ ఉండాలి కదా. క్రిస్మస్ రోజు తీసిన రత్నమ్మ గారి ఫోటో ఉంది. ఫోనులో గులాబీల చట్రం దొరికింది. పెట్టాను. పంపాను. నూనె గిన్నె తీసుకున్నాను.

గంటన్నర తర్వాత తల తుడుచుకుంటూ ఫోన్ చూస్తే గ్రూపు పొంగిపొర్లుతోంది. నా రాతకు ఇంత స్పందన ఎన్నడూ లేదు. ఒకరు "ఆమెను మహిమలో చూతుము" అని పెట్టారు. ఎంత పెద్ద మనసులో అనుకుని, "అంత దాకా ఎందుకు? రేపు చర్చిలోనే చూద్దాం" అని జవాబిచ్చాను. ఇంకొకరు "ఎప్పుడు తీసుకెళ్తున్నారు బ్రదర్?" అన్నారు. ఆదివారం ఆరాధనకి ఆవిడను ఎవరో ఒకరు తీసుకురావడం మామూలే. "పదింటికల్లా. ఆటో చెప్పాలి" అని రాశాను.

తలుపు దబదబా మోగింది. సుజాత. తెల్ల చీర కట్టుకుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నడువుండ్రి బ్రదర్. బండి కిందుంది. అందరు ఆడికి పోయిండ్రు."

సంఘమంతా కలిసి రత్నమ్మ గారింటికి కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారనుకున్నాను. నా వార్తకు ఇంత బలముందా అని ఛాతీ పొంగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె స్కూటరు ఎక్కాను. మెట్రో స్తంభాల నీడలో, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ పోతున్నాం. సుజాత ముక్కు ఎగబీలుస్తోంది. జలుబు అనుకున్నాను.

"మీరు దగ్గరుండి సూసిండ్రా బ్రదర్?"

"లేదండీ, ఫోన్‌లో తెలిసింది."

"బాధ పడ్డదట్నా?"

"ఛ ఛ, హాయిగా! ఎనిమిదింటికి పడుకున్నారట, ఇక కదల్లేదు."

"పుణ్యాత్మురాలు. మీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఆవిడే."

"ఎవలావిడె?"

"రత్నమ్మ గారే. నిన్న పొద్దున ఫోన్ చేసి..."

కొత్తపేట చౌరస్తాకు కాస్త ముందు స్కూటరు ఆగిన తీరుకు నేను ఆమె వీపుకు గుద్దుకున్నాను. వెనక ఆటోవాడు మా వంశాన్ని తలుచుకున్నాడు. సుజాత దిగి, హెల్మెట్ తీసి, నన్ను పట్టి పట్టి చూసింది.

"బ్రదర్. ప్రభువునందు నిద్రించింది అంటె ఏంది?"

"నిద్రపోయింది అని."

"సచ్చిపోయింది అని!"

నా కాళ్ల కింద నుంచి ఆ రోడ్డు, దాని మీద మెట్రో, దాని మీద ఆకాశం అన్నీ జారిపోయాయి. "మన ప్రార్థనలు ఫలించినవి" అన్న ముక్క గుర్తొచ్చింది. ఆటో చెప్పాలన్న ముక్క గుర్తొచ్చింది. గులాబీలు గుర్తొచ్చాయి.

సుజాత అయ్యగారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు, ప్రార్థనలో ఉన్నట్టున్నారు. రత్నమ్మ గారికి చేసింది. స్విచాఫ్.

"ఎక్కుండ్రి!" అంది. ఆ తర్వాత ఎల్బీ నగర్ దాకా ఆమె స్కూటరు నడిపిన తీరు గురించి రాయను, ఆమెకు లైసెన్సు ఉండాలి కదా.

వెనక కూర్చున్న నాకు అవమానం గురించిన ఆలోచన రాలేదు. పత్రికలో సవరణలు వేసిన అనుభవం ఉంది, సిగ్గు ఒకటి రెండు రోజుల్లో పాతబడుతుంది. నా భయం ఆ పదకొండు వందనాల గురించి. వచ్చే ఆదివారం తల మీద కుర్చీల చప్పుడు వినిపిస్తుంది. నేను కింద గదిలో మంచం మీద కూర్చుని ఉంటాను. పైకి రమ్మని ఎవరూ అనరు. గడియారంలో సెల్ తీసేయాలి.

సందు మలుపు తిరగ్గానే పాట వినబడింది. రత్నమ్మ గారి ఇంటి ముందు నలభై మంది, తెల్ల బట్టల్లో. కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి, నా కుర్చీలే. నేను తలంటులో ఉండగా ఎవరో దించుకొచ్చారు. వరస వంకరగా ఉంది. ట్రాలీ ఆటోలో ఫ్రీజర్ బాక్సు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. చుట్టాలు లోపల స్నానం చేయిస్తున్నారేమో అని ఎవరో అనడంతో, ఈలోపు ఒక పాట పాడదామని మొదలుపెట్టారట. రెండో చరణం నడుస్తోంది. సుజాత చేతులూపుతూ పరుగెత్తింది. దుఃఖం ఆపుకోలేకపోతోందనుకుని వాళ్లు గొంతు ఇంకా పెంచారు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

రత్నమ్మ గారు. జుట్టు రేగి ఉంది, చెంప మీద దిండు గుర్తులున్నాయి. రెండేళ్ల తర్వాత దొరికిన నిద్ర రుచి మరిగి, ఫోన్ ఆపుకుని, మధ్యాహ్నం కూడా ఒక కునుకు తీస్తున్న మనిషి. పాట ఒక్కసారిగా ఆగలేదు, ముందు వరస నుంచి వెనక వరస దాకా ముక్కలు ముక్కలుగా ఆగింది. కంజీర వాయించే ఆయన కళ్లు మూసుకుని ఉండటంతో ఆఖరికి ఆయనొక్కడే మిగిలాడు.

"అయ్యో, ఎవరు పోయిండ్రు?" అన్నారు రత్నమ్మ గారు.

అయ్యగారు అలవాటు కొద్దీ "వందనాలమ్మా" అన్నారు. దండ పట్టుకున్న పెద్దాయన చేతులు వీపు వెనక్కి పోయాయి. ట్రాలీ ఆటో డ్రైవరు మాత్రం తన పని తాను అడిగాడు.

"సార్, బాక్సు దించాల్నా వద్దా?"

ముప్పై ఏళ్లు దవాఖానాలో చేసిన మనిషి. ఆ బాక్సు చూశారు, తెల్ల బట్టలు చూశారు, వీపు వెనక నుంచి రాలుతున్న చామంతి రేకులు చూశారు. ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎవరు చెప్పిండ్రు నేను పోయిన్నని?"

అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. నేను చెయ్యెత్తాను, బడిలో లాగా. సుజాత తన ఫోను ఇచ్చింది. రత్నమ్మ గారు లోపలికి వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకుని, గడప మీద నిలబడి, నా వార్తను అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివారు. "మన... ప్రార్థనలు... ఫలించినవి." అక్కడ ఆగి ఒకసారి సంఘాన్నంతా చూశారు. సంఘమంతా నేల చూసింది.

"ఒక్క అక్షరం తప్పు లేదు" అన్నారు చివరికి.

"అమ్మా, నాది తప్పే. నేనింక రాను..." అంటున్నాను.

"నువ్వు ఆగు." ఆవిడ నా వైపు చూడలేదు. "రెండేండ్ల కింద మా ఆయన్ని సాగనంపెటప్పుడు ఒచ్చిండ్రు మీరందరు. మల్ల ఇప్పుడొచ్చిండ్రు. నడుమ ఎవ్వరు రాలె. నేను రమ్మనలె, మీరు రాలె."

ఎక్కడో కుక్కరు విజిల్ వేసింది.

"సరే, కూసోండ్రి" అన్నారు. "కుర్చీలు మీరే తెచ్చుకుంటిరి."

కూర్చున్నారు. ఆవిడ కూడా ఒక కుర్చీ లాక్కుని, అందరికీ ఎదురుగా, శవం ఉండాల్సిన చోట కూర్చున్నారు. "గా దండ దాస్తవెందుకు? లోపట మా ఆయన ఫోటో ఉంది, ఏసి రా" అని పెద్దాయన్ని పంపారు. సుజాతను టీ పెట్టమన్నారు. ఆమెకు ఒకరు పని చెప్పడం నేను చూసింది అప్పుడే.

"ఇప్పుడు చెప్పుండ్రి. నా గురించి ఏం చెప్దామనుకున్నరో చెప్పుండ్రి. ఊకెనే ఒచ్చిండ్రా?"

అందరూ అయ్యగారిని చూశారు. ఆయన లేచి, గొంతు సవరించుకుని, జేబులోంచి కాగితం తీశారు. "మన సహోదరి రత్నమ్మ గారు బిడ్డలను భయభక్తులతో పెంచిన ఆదర్శ మాతృమూర్తి..."

"నాకు పిల్లలు లేరయ్యా."

అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. మీరు కూడా ఇక్కడ నవ్వనక్కర్లేదు.

కాసేపటికి ఒకావిడ లేచింది. "నా మొదటి కాన్పుల మీరే ఉన్నరమ్మా. రాత్రంత నా చెయ్యి ఇడ్వలె" అంది. రత్నమ్మ గారికి అది గుర్తే లేదు. ఆవిడ చెంప మీది దిండు గుర్తులు తడిశాయి. ఆ తర్వాత ఇద్దరు చెప్పారు, ముగ్గురు చెప్పారు. టీ గ్లాసులు పంచుతూ సుజాత, "నాకైతె మీ గురించి ఏం తెల్వదమ్మా. గందుకే బండి మీద ఏడ్పొచ్చింది" అంది. ట్రాలీ ఆటో డ్రైవరు కూడా ఒక టీ తాగి, బాక్సు ఖాళీగా పోతున్నందుకు సంతోషమని చెప్పి వెళ్లాడు. ఆ రోజు సభలో అందరికంటే బాగా మాట్లాడింది ఆయనే.

చివర్లో అయ్యగారు నా విషయం ఎత్తారు. "మూర్తి బ్రదర్‌కు ఇంక కుర్చీల పరిచర్యనే..."

"ఒద్దు" అన్నారు రత్నమ్మ గారు. "ఆయనను తీసేస్తె మల్ల మీ ఏడు నిమిషాలు ఇనాలె. రాయనియ్యుండ్రి. కాకపోతె శనివారం శనివారం ఈడికొచ్చి, నాకు సదివి ఇనిపిచ్చినంకనే పంపాలె. బతికున్నోళ్లెవలో పోయినోళ్లెవలో నేను సూస్త."

అదీ శిక్ష.

తర్వాత ఒక నెలపాటు ఆ ఇంటికి జనం పళ్లు పట్టుకుని వచ్చారు. రెండో నెల ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఆ తర్వాత ఎవరి పనులు వారివి. నేను మాత్రం శిక్షపడ్డవాణ్ని కాబట్టి ప్రతి శనివారం మెట్రోలో ఎల్బీ నగర్ వెళ్తాను. చీటీలు ఒక్కొక్కటే చదువుతాను. అయిదోదో ఆరోదో చీటీ దగ్గర ఆవిడ తల పక్కకు వాలిపోతుంది. నేను ఆపితే వెంటనే కళ్లు తెరుస్తారు.

"ఆపకు బిడ్డా. నువ్వు సదువుతుంటె మా ఆయన గురక లెక్కనె ఉంటది."

నా తలాంతు ఏమిటో అయ్యగారు అడిగినప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు అడిగితే చెబుతాను. చీటీలు అయిపోయినా చదువుతూనే ఉంటాను. బియ్యం సంచి మీది అక్షరాలు, క్యాలెండరు, కరెంటు బిల్లు వెనక నిబంధనలు. ఆవిడ లేచేదాకా. తిరిగొచ్చాక, తర్వాతి శనివారం దాకా నా గొంతుకు పెద్దగా పని ఉండదు. "హలో" అని పరీక్షించుకోవడం మాత్రం మానేశాను.

క్రితం నెల ఆవిడ నాతో ఒక చీటీ రాయించారు. తన గురించే, ముందుచూపుతో. "నువ్వు రాస్తె మల్ల ఆగం చేస్తవు. నేను చెప్త, రాసుకో" అన్నారు. రాసుకున్నాను.

"రత్నమ్మ చచ్చిపోయింది. ఈసారి నిజమే. కుర్చీలు మీరే తెచ్చుకోండి. టీ పెట్టేటోళ్లు లేరు, తాగి రండి."

కాస్త దిద్దుదామని కలం ఎత్తాను. "ఒక్క అక్షరం ముట్టినవో సూడు!" అన్నారు. ఆ కాగితం నా పర్సులో ఉంది. వెళ్లిన ప్రతిసారీ ఉందో లేదో తీసి చూపించాలి. ఇరవై రెండేళ్ల అనుభవంతో చెబుతున్నాను, అంత శుభ్రమైన వార్త నా చేతికి ఎన్నడూ రాలేదు.

కనుక, అరవై ప్లాస్టిక్ కుర్చీల సాక్షిగా, అయ్యగారి ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ మీద ఒట్టేసి, సకల పాఠకుల సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషినీ నిద్రింపజేయను. నేనైనా సరే రాత్రిపూట పడుకుంటాను, ఒరుగుతాను, నడుం వాలుస్తాను తప్ప నిద్రించను. ప్రభువునందు అన్న మాటను ఏ క్రియాపదం ముందూ పెట్టను. తప్పుడు వార్త ఒకసారి వేశాను, ఒప్పుకుంటున్నాను. పర్సులో ఉన్న ఆ సరైన వార్తను మాత్రం, ఎవరెంత బతిమాలినా, నేను వేయను. గ్రూపులో మరెవరినైనా చూసుకోండి. నాకు ఆ రోజు తలంటు ఉంటుంది.